తెలుగునాట డీజే వృత్తి

డీజే అనగా రికార్డు చేసిన పాటలను తెగకుండా ఒకదానిలో నుండి మరొకదానిలోకి కలుపుతూ, వాటి వేగాన్ని, లయను మార్చుతూ జనం చేత నాట్యం చేయించే కళాకారుడు. "డిస్క్ జాకీ" అనే మాటకు ఇది పొట్టి రూపం. తెలుగునాట ఈ మాటకు మూడు అర్థాలు స్థిరపడ్డాయి. పాటలు కలిపే మనిషి డీజే. వాహనం మీద పేర్చిన స్పీకర్ల సముదాయం కూడా డీజే ("పెళ్ళికి డీజే పెట్టారు"). ఆ స్పీకర్లలో వినిపించడానికి ప్రత్యేకంగా తయారు చేసిన రీమిక్స్ కూడా డీజే ("డీజే పాట"). ఈ మూడు పనులనూ చాలా చోట్ల ఒకే యువకుడు చూసుకొంటాడు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలలో పెళ్ళి ఊరేగింపులు, వినాయక నిమజ్జనాలు, తిరునాళ్ళు, జయంతులు మొదలైన సందర్భాలలో వినిపించే ఎలక్ట్రానిక్ నాట్య సంగీతం చాలావరకు ఇటువంటి వారి చేతుల మీదుగా వచ్చినదే. ఈ సంగీతం పాటల కంపెనీల ద్వారా కాక మెమరీ కార్డులు, సెల్ ఫోన్ల ద్వారా చేతులు మారుతుంది. తయారు చేసినవారికి రాయల్టీ ఉండదు. ప్రభుత్వ ఉత్తర్వులలో ఇది సంగీతంగా కాక శబ్దంగానే కనిపిస్తుంది. అందువలన ఈ వృత్తిని అర్థం చేసుకోవడానికి దీని కళ, యంత్రాలు, బ్రతుకుతెరువు, చట్టం అన్నింటినీ కలిపి చూడవలసి ఉన్నది.

ప్రపంచ నేపథ్యం

రెండు రికార్డు ప్లేయర్లను పక్కపక్కన పెట్టి పాటలు కలిపే పద్ధతి అమెరికాలోని నాట్యశాలలలో 1970లలో బాగా అభివృద్ధి చెందింది. జపాన్‌కు చెందిన టెక్నిక్స్ సంస్థ 1972లో విడుదల చేసిన ఎస్.ఎల్-1200 రికార్డు ప్లేయరు ఈ పనికి ప్రామాణిక పరికరం అయినది. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో కూల్ హెర్క్ అనే డీజే నిర్వహించిన విందును హిప్ హాప్ సంగీతానికి ఆరంభంగా చెబుతారు. పాటలో వాద్యాలు మాత్రమే మోగే భాగాన్ని రెండు రికార్డుల సాయంతో సాగదీయడం ఆయన ప్రత్యేకత.

షికాగో నగరంలో 1977లో ప్రారంభమైన "వేర్‌హౌస్" అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ (1955-2014) డీజేగా పని చేశాడు. ఆ క్లబ్బు పేరు నుండే "హౌస్" సంగీతానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇదే కాలానికి సమీపంలో డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ "టెక్నో" సంగీతాన్ని రూపొందించారు. వీరిలో చాలామంది నల్లజాతి యువకులు. పెద్ద కంపెనీల అండ లేకుండా, ఇళ్ళలోనే చౌకగా దొరికిన యంత్రాలతో సంగీతం చేశారు. జపాన్ కంపెనీ రోలాండ్ తయారు చేసిన టి.బి-303 అనే బేస్ యంత్రం అమ్ముడుపోక 1984 నాటికి ఉత్పత్తి ఆగిపోయింది. పాత సామాన్ల ధరకు దొరికిన ఆ యంత్రంతోనే ఫ్యూచర్ బృందం చేసిన "యాసిడ్ ట్రాక్స్" 1987లో విడుదలై "యాసిడ్ హౌస్" అనే కొత్త శాఖకు దారి తీసింది.

రేడియోకు, పెద్ద కంపెనీలకు వెలుపల, నాట్యశాలల ద్వారా, చిన్న దుకాణాల ద్వారా వ్యాపించే ఇటువంటి సంగీతాన్ని "అండర్‌గ్రౌండ్" సంగీతం అంటారు. అటువంటి చోట మొదలైన రీమిక్స్ పనికి తరువాత గుర్తింపు కూడా లభించింది. గ్రామీ పురస్కారాలలో రీమిక్స్ చేసేవారి కోసం ఏర్పరచిన బహుమతిని మొట్టమొదట 1998లో ఫ్రాంకీ నకుల్స్ అందుకొన్నాడు.

భారతదేశంలో

భారతదేశంలో ఎలక్ట్రానిక్ నాట్య సంగీతానికి తొలి ఉదాహరణలలో చరణ్‌జిత్ సింగ్ రికార్డు ప్రసిద్ధమైనది. ఆయన బొంబాయిలో హిందీ సినిమా పాటలకు వాద్యకారుడుగా పని చేసేవాడు. భైరవ్, తోడి, యమన్, మాల్కౌంస్ వంటి పది రాగాలను రోలాండ్ యంత్రాలపై డిస్కో లయతో వాయించి 1982లో "సింథసైజింగ్ - టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్" అనే రికార్డు చేశాడు. అందులో వాడిన యంత్రాలలో టి.బి-303 కూడా ఉన్నది. షికాగో యాసిడ్ హౌస్ కంటే ఇది ఐదేళ్ళు ముందటిది. ఆనాడు ఆ రికార్డును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో నెదర్లాండ్స్‌కు చెందిన ఒక చిన్న సంస్థ మళ్ళీ విడుదల చేసిన తరువాత ప్రపంచమంతటా పేరు వచ్చింది. ఆయన 2015లో మరణించాడు.

తెలుగు శ్రోతలకు ఎలక్ట్రానిక్ లయ సినిమా పాట ద్వారానే పరిచయమైనది. 1980లలో కె. చక్రవర్తి వంటి సంగీత దర్శకులు డిస్కో బాణీలు కట్టారు. 1990లలో ఎ.ఆర్. రెహమాన్ సంగీతం కూర్చిన "రోజా", "ప్రేమికుడు" వంటి అనువాద చిత్రాల పాటలు కంప్యూటరు మీద కూర్చిన లయను ఇంటింటికీ చేర్చాయి.

తెలుగునాట పరిణామం

డీజేకు ముందు పల్లెలలో ఆ స్థానం మైకు సెట్‌ది. పెళ్ళి పందిరి పక్కన చెట్టుకు గానీ వెదురుకు గానీ కట్టిన గొట్టపు స్పీకరు (హారన్), ఒక యాంప్లిఫైయరు, బ్యాటరీ, రికార్డు ప్లేయరు దీని సామాగ్రి. పాట మొదలవగానే ఊరిలో శుభకార్యం ఉన్నదని అందరికీ తెలిసేది. 1980లలో రికార్డుల స్థానంలోకి క్యాసెట్లు వచ్చాయి. ఊరేగింపు సంగీతం మాత్రం వేరుగా ఉండేది. నాదస్వరం, డోలు గల మంగళ వాద్యం, డప్పు మేళం, పట్టణాలలోనైతే ఇత్తడి వాద్యాల బ్యాండు మేళం ఊరేగింపు ముందు నడిచేవి. తిరునాళ్ళలో సినిమా పాటలకు వేదికపై నాట్యం చేసే రికార్డింగ్ డ్యాన్సులు, పాటకచేరీ బృందాలు ఉండేవి.

2000 తరువాత మూడు మార్పులు వచ్చాయి. పాట ఎం.పి.3 రూపంలోకి మారి, వందల పాటలు ఒక్క సీడీలో, ఆ పైన వేలపాటలు ఒక పెన్ డ్రైవులో ఇమిడాయి. కంప్యూటరు ధర తగ్గి, రికార్డు ప్లేయర్లు లేకుండానే పాటలు కలిపే సాఫ్ట్‌వేరు అందుబాటులోకి వచ్చింది. 2003లో వచ్చిన వర్చువల్ డీజే వాటిలో ఒకటి. ఎక్కువ శక్తి గల యాంప్లిఫైయర్లు, స్పీకర్ పెట్టెలు దేశంలోనే తయారై చౌకగా దొరికాయి. ఈ మూడూ కలిసి మైకు సెట్‌ను, మేళాన్ని ఒకే వాహనం మీదికి చేర్చాయి. మైకు సెట్ యజమానులలో కొందరు తామే డీజే యజమానులుగా మారారు.

తీన్మార్ లయ

తెలుగునాట డీజే సంగీతాన్ని ఇతర ప్రాంతాల ఎలక్ట్రానిక్ సంగీతం నుండి వేరు చేసేది తీన్మార్ లయ. "తీన్" అనగా మూడు, "మార్" అనగా దెబ్బ అని ఉర్దూ అర్థం. తెలంగాణ డప్పు వాద్యంలోను, హైదరాబాదు మార్ఫా వాద్యంలోను ఈ దరువు ప్రసిద్ధం. మార్ఫాను హైదరాబాదుకు తెచ్చినవారు అరబ్బు దేశాల నుండి, ఆఫ్రికా నుండి వచ్చి నిజాం సైన్యంలో చేరినవారు. నగరంలోని బార్కస్ (బ్యారక్స్ అనే మాట నుండి వచ్చిన పేరు), ఏ.సి. గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) అనే పేటల పేర్లు ఆ సైనికుల నివాసాలను గుర్తు చేస్తాయి. మతభేదం లేకుండా నగరంలోని పెళ్ళిళ్ళన్నింటిలో ఈ వాద్యం చోటు సంపాదించుకొన్నది.

డీజేలు ఈ దరువును కంప్యూటరులోకి తెచ్చారు. డప్పు, మార్ఫా దెబ్బలను చిన్న ముక్కలుగా రికార్డు చేసుకొని, వాటిని వరుసగా తిప్పి వాయించే "లూప్"లుగా పేర్చి, అడుగున ఎలక్ట్రానిక్ బేస్ దెబ్బ కలిపారు. తీన్మార్ మిక్స్, చటల్ బ్యాండ్ మిక్స్, ప్యాడ్ బ్యాండ్ మిక్స్, రోడ్ షో మిక్స్ అనే పేర్లతో ఈ రకాలు ప్రచారంలోకి వచ్చాయి. చటల్ బ్యాండ్, ప్యాడ్ బ్యాండ్ అనేవి నిజంగా వీధిలో వాయించే బృందాల పేర్లు. ప్యాడ్ అనగా కర్రలతో కొట్టి ఎలక్ట్రానిక్ ధ్వనులు పలికించే వాద్యం. హౌస్ సంగీతంలో అన్ని దెబ్బలూ సమానంగా నాలుగు లెక్కలలో సాగుతాయి. తీన్మార్‌లో దెబ్బకు దెబ్బకు మధ్య ఊపు ఉంటుంది. కాలు ఎత్తి, భుజం ఊపి నడుస్తూ ఆడడానికి ఆ ఊపే ఆధారం. ఒకచోట నిలబడి ఆడే నాట్యశాలకు, ముందుకు కదులుతూ ఆడే ఊరేగింపుకు గల తేడా ఈ లయలోనే కనిపిస్తుంది.

పరికరాలు

ఊరేగింపు డీజేలో సాధారణంగా ఈ క్రింది సామాగ్రి ఉంటుంది.

* ల్యాప్‌టాప్, కంట్రోలరు: పాటలు ఎంచుకొని కలిపేందుకు. కంట్రోలరు పైన రెండు గుండ్రని పళ్ళాలు రికార్డులకు బదులుగా పని చేస్తాయి.
* మిక్సరు: పాటకు, మైకుకు, ప్యాడ్‌కు వేర్వేరుగా ధ్వని పెంచి తగ్గించేందుకు.
* క్రాస్ఓవరు: ధ్వనిని హెచ్చు, మధ్య, తగ్గు స్థాయిలుగా విడదీసి వేర్వేరు స్పీకర్లకు పంపేందుకు.
* యాంప్లిఫైయర్లు: విడదీసిన ధ్వనికి విద్యుచ్ఛక్తిని జోడించేందుకు.
* టాప్‌లు, బేస్ పెట్టెలు: మాట, పాట టాప్‌లలో వినిపిస్తే, దరువు బేస్ పెట్టెలలో వినిపిస్తుంది.
* జనరేటరు: వాహనం మీదనే గానీ వెనుక మరొక బండి మీద గానీ ఉంటుంది.
* దీపాలు: ఎల్.ఇ.డి. దీపాలు, సన్నని కిరణాన్ని తిప్పే షార్పీ దీపాలు, పొగ యంత్రం.

ఇవన్నీ ట్రాక్టరు ట్రాలీ, మినీ లారీ లేదా లారీ మీద పేరుస్తారు. పెట్టెలు ఎక్కువైన కొలదీ పేరు పెరుగుతుంది గనుక యజమానుల మధ్య పోటీ పెట్టెల సంఖ్య మీదనే నడుస్తుంది.

బేస్ ధ్వని స్వభావాన్ని తెలుసుకొంటే డీజే చుట్టూ ఉన్న వివాదం సగం అర్థమవుతుంది. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు గాలిలో సుమారు 7 మీటర్లు. ఇంత పొడవైన తరంగాన్ని ఇంటి గోడ గానీ చెట్టు గానీ ఆపలేవు; తలుపులు, కిటికీలు, వంటింటి గిన్నెలు అదరడానికి ఇదే కారణం. శబ్దాన్ని కొలిచే సాధారణ మీటరు "ఎ" అనే కొలమానంలో మనిషి చెవి గ్రహింపుకు తగినట్లుగా తగ్గు ధ్వనులను తగ్గించి లెక్కిస్తుంది. 50 హెర్ట్జ్ వద్ద ఈ తగ్గింపు సుమారు 30 డెసిబెల్స్. కాబట్టి మీటరులో కనిపించే అంకె కంటే గుండెలపై పడే దరువు బలంగా ఉంటుంది. ఆడేవారికి ఆనందమూ, ఇంటిలోని రోగికి బాధా ఈ ఒక్క లక్షణం నుండే కలుగుతాయి.

రీమిక్స్ తయారీ

డీజే పాట తయారీకి ఎఫ్.ఎల్. స్టూడియో వంటి సాఫ్ట్‌వేరు విరివిగా వాడుకలో ఉన్నది. బెల్జియం సంస్థ ఇమేజ్-లైన్ దీనిని 1990ల చివర "ఫ్రూటీ లూప్స్" అనే పేరుతో విడుదల చేసింది. తయారీ క్రమం స్థూలంగా ఇలా ఉంటుంది. మొదట పాట వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్క కడతారు. తరువాత పాటలోని పల్లవి, ఊతపదం వంటి జనం గుర్తుపట్టే భాగాలను కత్తిరిస్తారు. వాటిని కొత్త వేగానికి సాగదీసి లేదా కుదించి, శ్రుతి చెడకుండా సరిచేస్తారు. తీన్మార్ లూప్, బేస్ దెబ్బ జోడిస్తారు. దరువును ఒక్క క్షణం ఆపి, గొంతు మాత్రమే వినిపించి, మరల ఒక్కసారిగా దరువు దించడం ఇందులో కీలకమైన మెలకువ. జనం గాలిలోకి ఎగిరేది ఆ క్షణంలోనే.

జానపద గీతాలు, సినిమా పాటలు, భక్తి గీతాలు, సినిమా సంభాషణలు, రాజకీయ పార్టీల ప్రచార గీతాలు అన్నీ ముడిసరుకే. 2021లో మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి" పాటకు ఒక పెళ్ళి ఊరేగింపులో వధువు చేసిన నాట్యం అంతర్జాలంలో ప్రచారం పొంది, ఆ పాట ఊరూరా డీజేల మీదికి ఎక్కింది. సినిమాతో సంబంధం లేని పాట ఇంతగా వ్యాపించడంలో ఊరేగింపు డీజేల పాత్ర గమనించదగినది.

తయారైన పాట మధ్యలో డీజే తన పేరును, తన ఊరి పేరును గొంతుతో గానీ యంత్రపు గొంతుతో గానీ వినిపిస్తాడు. ఫైలు పేరులో కూడా "డీజే ఫలానా, ఫలానా ఊరు" అని ఉంటుంది. రికార్డు అట్ట లేని ఈ సంగీతంలో సంతకం పెట్టేందుకు ఉన్న దారి ఇదొక్కటే. ఆ పాట మరొక డీజే చేతిలో పడినప్పుడు ఆ సంతకాన్ని తొలగించి తన పేరు చేర్చుకోవడం కూడా మామూలే. పూర్వం సెల్ ఫోన్ దుకాణాలలో మెమరీ కార్డులో పాటలు ఎక్కించేవారు ఈ పాటలకు ప్రధాన పంపిణీదారులు. తరువాతి కాలంలో యూట్యూబ్, వాట్సాప్ ఆ స్థానాన్ని తీసుకొన్నాయి. యూట్యూబ్‌లో పెట్టిన రీమిక్స్‌ను అసలు పాట హక్కుదారుల యంత్రాంగం గుర్తిస్తే, దానిపై వచ్చే ప్రకటనల ఆదాయం హక్కుదారులకు చేరవచ్చును, లేదా పాట తొలగిపోవచ్చును.

వృత్తిక్రమం

ఈ వృత్తికి కళాశాల గానీ పట్టా గానీ అవసరం లేదు. పట్టణాలలో కొన్ని శిక్షణ సంస్థలు ఉన్నప్పటికీ, పల్లెలలో నేర్చుకొనే పద్ధతి వడ్రంగం, మెకానిక్ పనుల మాదిరిగా గురువు దగ్గర చేరి నేర్చుకోవడమే. మొదట హెల్పరుగా చేరిన కుర్రవాడు పెట్టెలు మోస్తాడు, వైర్లు కలుపుతాడు, జనరేటరు చూసుకొంటాడు. తరువాత ఆపరేటరై పాటలు కలుపుతాడు. ఇంటి వద్ద కంప్యూటరు సమకూరితే సొంతంగా రీమిక్స్‌లు తయారు చేస్తాడు. కొంత సొమ్ము కూడబెట్టి గానీ, అప్పు చేసి గానీ సామాగ్రి కొన్న రోజున యజమాని అవుతాడు.

ఆదాయం కార్యక్రమానికి ఇంత అనే పద్ధతిలో ఉంటుంది. మాట కుదిరినప్పుడు బయానా తీసుకొని, మిగిలినది కార్యక్రమం ముగిసిన తరువాత తీసుకొంటారు. అందులో వాహనం అద్దె, డీజిలు, ఆపరేటరు కూలి, హెల్పర్ల కూలి, అప్పు వాయిదా పోగా మిగిలినది యజమానికి చెందుతుంది. రీమిక్స్ తయారీకి విడిగా సొమ్ము ముట్టడం అరుదు. మంచి రీమిక్స్ వలన కలిగే లాభం తరువాతి సీజనులో వచ్చే పిలుపులే. అనగా తయారీదారునికి తన పాట వస్తువు కాదు, ప్రకటన మాత్రమే. ఈ వృత్తిలో స్త్రీలు చాలా తక్కువ.

పని దొరికే కాలం పంచాంగాన్ని అనుసరించి ఉంటుంది. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ మాసాలలో పెళ్ళిళ్ళు ఎక్కువ. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులలో ముహూర్తాలు ఉండవు. భాద్రపదంలో వినాయక నవరాత్రులు, ఆశ్వయుజంలో దసరా ఆ లోటును తీర్చుతాయి. వీటికి తోడు క్రిస్మస్, నూతన సంవత్సరం, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి, ఎన్నికల ఊరేగింపులు ఉంటాయి. ఏడాదిలో కొద్ది నెలల సంపాదనతోనే మిగిలిన నెలలు గడపవలసి ఉండుట వలన చాలామందికి వ్యవసాయం, ఆటో నడపడం, విద్యుత్తు పని వంటి రెండవ వృత్తి ఉంటుంది. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై ఆ వేసవి పెళ్ళి ఊరేగింపులు నిలిచిపోయినప్పుడు, అప్పుపై సామాగ్రి కొన్నవారు ఎక్కువగా నష్టపోయారు.

నందిగామ - జగ్గయ్యపేట ప్రాంతం

పూర్వపు కృష్ణా జిల్లాలోని మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేట, వీరులపాడు, పెనుగంచిప్రోలు మండలాలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతం తెలంగాణ సరిహద్దుకు సమీపంలో ఉన్నది. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి (65వ నంబరు, పూర్వం 9వ నంబరు) జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోతుంది. ఇటు విజయవాడ, అటు కోదాడ, మధిర, ఖమ్మం పట్టణాలతో పెళ్ళి సంబంధాలు, వ్యాపార సంబంధాలు కలవు. అందువలన తెలంగాణ తీన్మార్, కోస్తా ప్రాంతపు తిరునాళ్ళ సంప్రదాయం రెండూ ఇక్కడ కలుస్తాయి.

మునేరు ఒడ్డున గల పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ అమ్మవారి తిరునాళ్ళు ఈ ప్రాంతంలో ముఖ్యమైనవి. పెద్ద తిరునాళ్ళు, చిన్న తిరునాళ్ళు అని రెండు సార్లు జరుగుతాయి. చుట్టుపక్కల గ్రామాల వారు మ్రొక్కుబడిగా ప్రభ బండ్లు కట్టుకొని వస్తారు. విద్యుద్దీపాలతో అలంకరించిన ప్రభ ముందు పూర్వం డప్పులు, మేళం మాత్రమే ఉండేవి. తరువాత పాటల పెట్టెలు చేరాయి. ప్రభ వలెనే డీజే బండి కూడా ఊరి పేరుతో, వీధి పేరుతో పోటీపడే ప్రతిష్ఠా చిహ్నం అయినది. "మా ఊరి బండి" అనే మాట రెండింటికీ వర్తిస్తుంది.

ఇక్కడి మెట్ట పొలాలలో ప్రత్తి, మిరప పంటల సొమ్ము చేతికి వచ్చే కాలం, మాఘ ఫాల్గుణాల పెళ్ళి ముహూర్తాలు, తిరునాళ్ళు దాదాపు ఒకే సమయంలో వస్తాయి. మిరప ధర పడిపోయిన ఏడాది ఊరేగింపుల ఖర్చు తగ్గుతుంది. కనుక ఈ ప్రాంతంలో డీజే యజమాని బ్రతుకు రైతు బ్రతుకుతో ముడిపడి ఉన్నదని చెప్పవచ్చును.

చట్టపరమైన అంశాలు

శబ్దం: పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) క్రింద కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరి 14న శబ్ద కాలుష్య నియంత్రణ నియమావళిని ప్రకటించింది. దీని ప్రకారం లౌడ్ స్పీకరు వాడటానికి అధికారుల నుండి వ్రాతపూర్వకంగా అనుమతి పొందవలసి ఉన్నది. వివిధ ప్రాంతాలకు నిర్ణయించిన శబ్ద పరిమితులు ఇవి.

* పారిశ్రామిక ప్రాంతం: పగలు 75, రాత్రి 70 డెసిబెల్స్
* వ్యాపార ప్రాంతం: పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్
* నివాస ప్రాంతం: పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్
* నిశ్శబ్ద ప్రాంతం: పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్

ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చును. బహిరంగ స్థలం సరిహద్దు వద్ద స్పీకరు శబ్దం ఆ ప్రాంతపు పరిమితికి 10 డెసిబెల్స్ మించరాదు, లేదా 75 డెసిబెల్స్ మించరాదు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది వర్తిస్తుంది. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడరాదు. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 గంటల వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చును. 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులో సుప్రీం కోర్టు శబ్దం లేని ప్రశాంతతను జీవించే హక్కులో భాగంగా పేర్కొన్నది.

హైదరాబాదు నగర పోలీసులు 2024 అక్టోబర్ 1న మతపరమైన ఊరేగింపులలో డీజే సౌండ్ వ్యవస్థలను, బాణసంచాను నిషేధిస్తూ ఉత్తర్వులు జారీ చేశారు. వృద్ధులు, రోగులు, పసిపిల్లల ఆరోగ్యం దృష్ట్యా ఇటువంటి నిషేధాన్ని సమర్థించేవారు ఉన్నారు. నిషేధానికి బదులు పెట్టెల సంఖ్యకు, సమయానికి హద్దు పెట్టాలనేది డీజే యజమానుల వాదన. అనుమతి లేకుండా నడిపినప్పుడు సామాగ్రిని స్వాధీనం చేసుకొనే అవకాశం ఉండుట వలన, కార్యక్రమం పెట్టించినవారి కంటే బండి యజమానికే నష్టభయం ఎక్కువ.

కాపీరైటు: కాపీరైటు చట్టం (1957) 52వ సెక్షన్ ప్రకారం మతపరమైన వేడుకలలో పాటలు వినిపించడం హక్కుల ఉల్లంఘన కాదు. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా ఇందులోకి వస్తాయని ఆ సెక్షన్ వివరణ ఇచ్చింది. కాబట్టి బరాత్‌లో పాట వేయడం వేరు, ఆ పాటను కత్తిరించి రీమిక్స్ చేసి ప్రచురించడం వేరు. రెండవ దానికి హక్కుదారుల అనుమతి కావాలి. 2012 సవరణ ద్వారా పాట వెలువడిన ఐదేళ్ళ తరువాత రుసుము చెల్లించి మళ్ళీ పాడించి రికార్డు చేసే వీలు కలిగింది. అయితే పాటలో మార్పులు చేయడానికి ఆ నిబంధన చోటివ్వదు.

వాహనం: రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా వాహనం రూపాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ చెబుతున్నది. డీజే బండ్ల కోసం శాశ్వతంగా మార్పులు చేసిన వాహనాలకు ఇది వర్తిస్తుంది. ఎత్తుగా పేర్చిన పెట్టెలు, ఇనుప చట్రాలు వీధిలోని కరెంటు తీగలకు తగిలే ప్రమాదం కూడా కలదు.

ఆరోగ్యం

85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య నిపుణుల సూచన. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సురక్షిత సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 88 డెసిబెల్స్ వద్ద 4 గంటలు, 94 వద్ద 1 గంట, 100 వద్ద 15 నిమిషాలు మాత్రమే సురక్షితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన ప్రమాణాలలో సంగీత వేదికల వద్ద సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించరాదని, శ్రోతలకు చెవి రక్షణ సాధనాలు అందుబాటులో ఉంచాలని సూచించింది. తెరచి ఉన్న స్థలంలో దూరం రెట్టింపు అయినప్పుడు శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందువలన అందరికంటే ఎక్కువ హాని పెట్టెల పక్కనే గంటల తరబడి నిలబడే ఆపరేటరుకు, హెల్పరుకు కలుగుతుంది. చెవిలో ఎడతెగని హోరు, హెచ్చు స్వరాలు వినబడకపోవడం దీనికి తొలి లక్షణాలు. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. మెత్తని నురుగుతో చేసిన చవకైన చెవి బిరడాలు వాడితే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చును.

ఇతర వాద్యకారులపై ప్రభావం

డీజే రాకతో డప్పు, మంగళ వాద్యం, బ్యాండు మేళం కళాకారులకు ఊరేగింపు పని తగ్గింది. డప్పు, నాదస్వరం వాయించడం తరతరాలుగా కొన్ని కులాల వృత్తిగా ఉండగా, డీజే వృత్తిలోకి అన్ని కులాల యువకులు ప్రవేశించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సామాజిక భద్రతా పింఛన్లలో డప్పు కళాకారులకు స్థానం ఉన్నది. 2024 జూలై నుండి ఈ పింఛను నెలకు 4,000 రూపాయలు. డీజేలు ఆ పట్టికలో లేరు. డప్పు దరువు మాత్రం డీజేలోనే కొనసాగుతున్నది. పెద్దలు తోలు మీద పలికించిన లయను యువకులు తెర మీద పేర్చుతున్నారు. కొన్ని ఊరేగింపులలో డప్పు కళాకారులను, ప్యాడ్ వాద్యకారులను డీజే బండి ముందు నిలిపి రెండింటినీ కలిపి వాయించే పద్ధతి కూడా ఉన్నది. శబ్ద నిబంధనలు కఠినమైన చోట మేళానికి మళ్ళీ పిలుపులు రావడం గమనించదగినది.

సినిమాలలో

2022 ఫిబ్రవరి 12న విడుదలైన "డీజే టిల్లు" చిత్రంలో కథానాయకుడు హైదరాబాదుకు చెందిన డీజే. విమల్ కృష్ణ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో సిద్ధు జొన్నలగడ్డ ఆ పాత్ర ధరించాడు. దీనికి కొనసాగింపుగా "టిల్లు స్క్వేర్" 2024 మార్చి 29న విడుదలైనది. 2017లో అల్లు అర్జున్ నటించిన "దువ్వాడ జగన్నాథం" చిత్రం "డీజే" అనే పొట్టి పేరుతో ప్రసిద్ధమైనప్పటికీ ఈ వృత్తితో దానికి సంబంధం లేదు.

ఇవి కూడా చూడండి

* డప్పు
* తీన్మార్
* మార్ఫా
* నాదస్వరం
* శబ్ద కాలుష్యం
* పెనుగంచిప్రోలు
* వీరులపాడు మండలం